తుమ్మెద రాతికి చిల్లు

పుష్య బహుళ సప్తమి. ఆ తిథిని గుండన ఆ తరవాత ఎన్నడూ మరిచిపోలేదు. ఆ పొద్దున పాడుబడిన సత్రం అరుగు మీద కూర్చుని యువరాజు వజ్రకేతుడూ తనూ తిన్నది చల్లారిన రాగిసంకటి, చెరిసగం ఉల్లిపాయ, ఉప్పులో ఊరిన ఉసిరికాయ ఒకటి. ఉసిరికాయ ఒక్కటే మిగిలింది. యువరాజు దాన్ని గోటితో చీల్చి, పెద్ద ముక్కను ఏమీ ఎరగనట్టు గుండన ఆకులోకి జరిపాడు. గుండన కూడా ఏమీ ఎరగనట్టే తిన్నాడు. భార్య పోయిన ఈ ఆరేళ్ళలో అతడి కోసమని ఎవరూ ఏదీ మిగల్చలేదు.

బయలుదేరి అప్పటికి పందొమ్మిది రోజులైంది. కుహనాథుడనే మాంత్రికుడు చక్రవాళపురం రాజుగారి గొంతును వెండి బరిణెలో బంధించి తన కోటకు పట్టుకుపోయాడు. అప్పటినుంచి రాజుగారు కొలువులో పెదవులు కదుపుతారే గాని మాట రాదు. ఆ కోటలో నేలంతా మాయ. ఏ రాయి బరువు మోస్తుందో, ఏ రాయి మనిషిని మింగుతుందో నేలలు పరిచినవాడి కంటికే తెలుస్తుంది. అందుకే యువరాజు సేనాపతులను కాదని, కొలువుకూటానికి రాళ్ళు పరిచిన గుండనను వెంటబెట్టుకున్నాడు. ఇద్దరూ ఉప్పు అమ్ముకునే మామా అల్లుళ్ళ వేషం వేశారు. రెండు ఎడ్ల మీద నాలుగు ఉప్పు గోతాలు, ఒక గోతంలో యువరాజు కత్తి, గుండన నడుములో అతడి సుత్తి, ఉలి.

దారిలో యువరాజు అడిగాడు. "మామా, కొలువుకూటం నడిమి వరసలో ఏటవాలు తెల్లరాళ్ళు పరిచావు కదా. నాలుగు పక్కలూ సమానంగా ఉంటాయి, రెండు మొనలు మాత్రం కోసుగా ఉంటాయి. మా గురువుగారు దాన్ని సమచతుర్భుజం అంటారు. మీవాళ్ళు తుమ్మెద అంటారట. ఎందుకు?"

"ఏమో బాబూ."

"బాబూ కాదు, అల్లుడా."

"ఏమో అల్లుడా," అన్నాడు గుండన. నాలుక ఇంకా ఆ మాటకు అలవాటు పడలేదు. "మొట్టమొదటి రాయి పరిచినప్పుడు దానిమీద తుమ్మెద వాలిందని మా మేస్త్రి చెప్పేవాడు. కాదు, నాలుగు రాళ్ళు కలిపితే రెక్కలు విప్పిన తుమ్మెదలా ఉంటుందని ఆయన తమ్ముడు అనేవాడు. ఆ మాట మీద అన్నదమ్ములు రెండేళ్ళు మాట్లాడుకోలేదు."

"నువ్వేమనేవాడివి?"

"తెల్లరాతికి తుమ్మెద పేరేంటని ఒక్కసారి అడిగాను. మేస్త్రి సుత్తి పిడితో నెత్తిన మొట్టాడు."

యువరాజు నవ్వాడు. "ఒక మొన దగ్గర చిల్లు కూడా పొడుస్తారు కదా. అదెందుకు?"

"సున్నం కిందికి దిగడానికంటారు."

"దిగుతుందా?"

"దిగదు. ఆ చిల్లును మళ్ళీ సున్నంతోనే పూడుస్తాం."

"పూడ్చేదాన్ని పొడవడం దేనికి?"

"పొడవకపోతే అది తుమ్మెద కాదంటారు. చిల్లు మొన ఎప్పుడూ గుమ్మం వైపే ఉండాలంటారు. మా తాతల నాటి నుంచీ అంతే. నేనూ ఎన్ని వేలు పొడిచానో."

మధ్యాహ్నానికి కొండ మలుపు తిరిగారు. ఎదురుగా ధవళసరస్సు. నీళ్ళు కనపడవు, నీళ్ళ మీద మంచు కనపడుతుంది. దూదేకినవాడు దూదినంతా ఒక లోయలో కుమ్మరించి, పైన అరచేత్తో నిమిరినట్టు చదునుగా, తెల్లగా, ఆవలి కొండలదాకా పరుచుకుంది ఆ మంచు. దాని నడుమ నుంచి కుహనాథుడి కోట బురుజులు తొమ్మిది పైకి లేచాయి. ఒక్కొక్క బురుజు ఒక్కొక్క రంగు స్ఫటికం. ఎండ తగిలిన బురుజు మండుతున్నట్టు, నీడన ఉన్నది నీళ్ళలో మునిగినట్టు ఉంది. పక్షి ఒక్కటి లేదు. సరస్సు అంచున మనిషెత్తు రెల్లు బంగారు రంగులో, గాలి లేకపోయినా మెల్లగా ఊగుతోంది.

సరస్సుకు ముందే సుంకం కట్టే చావడి. మాంత్రికుడి కాపలావాళ్ళు ఆరుగురు ఈటెలు అడ్డం పెట్టారు.

"ఎవరయ్యా మీరు?" అన్నాడు వాళ్ళ నాయకుడు, నెరిసిన మీసాలవాడు.

"ఉప్పు అమ్ముకునేవాళ్ళం. ఇతడు నా అల్లుడు."

నాయకుడు యువరాజు చేయి తిప్పి చూశాడు. "మామ చేతులు బండరాళ్ళు. అల్లుడి చేతులు వెన్నముద్దలు. అంతేనా?"

"పిల్లనివ్వాలి కదయ్యా. పని చెబితే పారిపోతాడని భయం," అన్నాడు గుండన.

కాపలావాళ్ళు పకపకా నవ్వారు. నాయకుడు కూడా మీసం కింద నవ్వి అడ్డకర్ర ఎత్తబోయాడు. సరిగ్గా అప్పుడే సన్నగా చినుకు మొదలైంది. యువరాజు పైబట్ట తీసి తలకు కప్పుకున్నాడు.

నాయకుడి చెయ్యి అడ్డకర్ర మీద ఆగిపోయింది. "మా నాయన ఉప్పు మోసినవాడే," అన్నాడు నెమ్మదిగా. "చినుకు పడితే ముందు గోతాల మీద పడేవాడు. తరవాతే మాకేసి చూసేవాడు. వీళ్ళు ఉప్పువాళ్ళు కాదు. పట్టుకోండి."

ఆ మాట ముగిసేలోపు యువరాజు గోతం చీల్చి కత్తి దూశాడు. మొదటి ఈటెను నడిమికి నరికాడు, రెండోదాన్ని ఒడిసిపట్టి, పట్టుకున్నవాడితో సహా చావడి గోడకు విసిరికొట్టాడు. గుండన రెండు గుప్పిళ్ళ ఉప్పు తీసి మీదికొస్తున్న ముగ్గురి కళ్ళలో చల్లాడు. వాళ్ళు కళ్ళు నులుముకుంటూ ఒకరినొకరు గుద్దుకున్నారు. నాయకుడు కొమ్ము ఊదాడు. కొండ మీద నుంచి జవాబుగా నలభై గుర్రాల డెక్కల చప్పుడు దిగింది. వెనక గుర్రాలు, ముందు మంచు. గుండన ఎడ్ల పలుపు విప్పి, ఒక కొస తన నడుముకూ ఒక కొస యువరాజు నడుముకూ కట్టాడు. ఇద్దరూ మంచులోకి ఉరికారు.

పది అడుగులు వేసేసరికి లోకం చప్పుడు మానేసింది. డెక్కలు వినపడవు. కాళ్ళ కింద నీళ్ళు చిందుతాయి, ఆ చప్పుడూ వినపడదు. "అల్లుడా" అని అరిచాడు గుండన. తన గొంతు తన చెవికే చేరలేదు. పలుపు బిగువు ఒక్కటే తోడు. ఆ బిగువును పట్టుకుని నడిచాడు. కాసేపటికి తెల్లటి కుక్కలు వచ్చాయి. అవి మొరగవు. మంచులో మంచులా వచ్చి కరుస్తాయి. ఒకటి గుండన భుజం మీదికి దూకింది. సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. అది పొగలా చెదిరింది. ఇంకొకటి మోకాలు పట్టుకుంది. దాన్నీ కొట్టాడు. వాటితో పెనుగులాడి లేచి పలుపు లాగి చూస్తే, వదులుగా చేతిలోకి వచ్చేసింది. కొస తడిసి ఉంది, పళ్ళతో కొరికి ఉంది.

ఎటు పరుగెత్తాడో అతడికి తెలియదు. నీళ్ళలో పడ్డాడు, లేచాడు, బురదలో కూరుకున్నాడు. చివరికి చేతికి రెల్లు తగిలింది. దాన్ని పట్టుకుని పైకి ఎగబాకితే మంచు వెనకబడింది, ఎండ కనపడింది.

అది సరస్సుకు మరో ఒడ్డు. ముప్పై గుడిసెలు వరసగా ఉన్నాయి. కప్పులు కూలినవే అన్నీ. చివరిదొక్కటి తాటాకుతో కప్పి ఉంది. దాని ముందు ఒక ముసలామె చాప మీద చేపలు ఆరబోస్తోంది. బురదలో నుంచి లేచివచ్చిన మనిషిని చూసి ఆమె భయపడలేదు.

"దాన్లోనుంచే వచ్చినావా నాయనా?" అంది. "మనిషి వచ్చి మూడేండ్లయింది." లోపలికి పోయి పొడి బట్ట తెచ్చి అతడి భుజాల మీద కప్పింది. అప్పుడుగాని తాను వణుకుతున్నట్టు గుండనకు తెలియలేదు.

"నీ పేరేమిటవ్వా?"

"నీలవ్వ అంటారు. అనేటోళ్ళు ఉన్నప్పుడు. ఒక్కడివేనా?"

"ఇద్దరం. మా అల్లుడు లోపలే ఉండిపోయాడు. మళ్ళీ పోతాను."

"పోయి ఏం చేస్తావు? పక్కన నిలబడి అరిచినా వినపడదు. నువ్వొక దిక్కు తిరుగుతావు, ఆ పిల్లోడొక దిక్కు తిరుగుతాడు. పొద్దు గుంకేలోగా బయటికి రాకుంటే అదిగో, అట్లయిపోతారు."

ఆమె చూపించింది ఒడ్డున ఊగుతున్న రెల్లును. గుండన తాను పట్టుకుని ఎగబాకిన దుబ్బును చూశాడు. అరచేతులు బట్టకు తుడుచుకోబోయి ఆగిపోయాడు.

"మా రేవోళ్ళంతా ఆడే ఉండారు," అంది నీలవ్వ. "అందుకే రెల్లు కొయ్యను. తాటాకు కోసం రెండామడలు పోతాను."

గుండన ఆకాశం వైపు చూశాడు. పొద్దు పడమటి కొండకు నిలువెత్తు దూరంలో ఉంది. మహా అయితే మూడు గడియలు.

"దారి లేదా అవ్వా?"

"పిలవాల. మనిషి గొంతునైతే మంచు మింగుతాది. కొయ్య గొంతు దానికి పడదు." చూరు కింద గోడ వైపు చెయ్యి చూపింది. "దాన్ని తిప్పేవాళ్ళం. సాయంకాలమైతే ఇంటికొకటి. చేపలకు పోయినోళ్ళు ఆ చప్పుడు పట్టుకుని ఒడ్డుకొచ్చేటోళ్ళు. అది అందనోళ్ళే రెల్లయినారు."

మేకుకు ఒక చెక్క వేలాడుతోంది. జానెడు పొడవు, నాలుగు పక్కలూ సమానం, రెండు మొనలు కోసు. ఒక మొన దగ్గర చిల్లు. చిల్లులో నుంచి తాడు.

గుండన దాని ముందు చాలాసేపు నిలబడ్డట్టు అతడికి అనిపించింది. నిజానికి రెప్పపాటు. "ఇది తుమ్మెద," అన్నాడు.

"తుమ్మెదే. తిప్పితే అట్ల పాడుతాది గదా, ఆ పేరు గాక ఇంకేం పెడతారు? నీకెట్ల తెలుసు?"

"మేము రాతితో చేసి నేలలో పరుస్తాం. చిల్లు కూడా పొడుస్తాం. ఎందుకో మాకు తెలియదు."

నీలవ్వ అతడి చేతులకేసి చూసింది. "మా రేవు నుంచి కొందరు రాతి పనికి వలస పోయినారని మా ముత్తవ్వ చెప్పేది. నీళ్ళు లేని సీమకు. ఆడ వాళ్ళకు దీంతో పనేముంది? అయినా చేతికి అలవాటు పోయిండదు." చిల్లున్న మొనను చూపి, "మొన ఎటు పెడతారు?" అంది.

"గుమ్మం వైపు."

"ఊఁ," అంది ఆమె. "ఇంటికి పిలిచేది గదా."

గుండన చెక్కను దించబోయాడు. వేలు తగలగానే అది నిలువునా రెండుగా విడిపోయింది. లోపలంతా చెదలు.

"మూడేండ్లు దాటింది దాన్ని ముట్టుకుని," అంది నీలవ్వ. "నా రెట్టలు పైకి లేవడం మానేసినాయి. తిప్పేటోళ్ళు లేకపోయినాక అదీ చచ్చిపోయింది."

"కొయ్య కావాలవ్వా. గట్టిది."

ఆమె ఇంట్లో గట్టి కొయ్య ఒక్కటే ఉంది. మూలన నిలబెట్టిన తెడ్డు. పట్టుకునే చోట ఎవరి చెయ్యో అరగదీసి నున్నగా చేసింది. గుండన దాని వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"మా ఆయనది," అంది నీలవ్వ. "కొయ్యి. ఇంట్లో పడవే లేదు, తెడ్డును పెట్టుకుని ఏం చేస్తాను."

గుండన తెడ్డును మోకాళ్ళ నడుమ బిగించి ఉలి పెట్టాడు. కొలబద్ద అక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ నాలుగు గీతలు అతడి చేతివేళ్ళలో ఉన్నాయి. మొదటి పక్క, రెండో పక్క, కోసు మొన, మూడోది, నాలుగోది. చిల్లు పొడిచాడు. తెగిపోయిన పలుపు ముక్కను నడుము నుంచి విప్పి, పురులు విడదీసి, ఒక సన్నపు పురిని చిల్లులో కట్టాడు. ఒడ్డుకు పోయి తల మీదుగా గిరగిరా తిప్పాడు.

ఉస్సుమంది. అంతే. విసనకర్ర చప్పుడు.

మళ్ళీ తిప్పాడు. ఉస్సు.

పొద్దు కొండ నెత్తిన కూర్చుంది. గుండన నుదుటి మీది చెమట కళ్ళలోకి దిగింది. ఇది తన చేతికి బాగా తెలిసిన ఆకారమే. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఇది పలకడం లేదు.

"నేల మీద పరిచేదిగా చేసినావు నాయనా," అంది నీలవ్వ దగ్గరికి వచ్చి, వేళ్ళతో అంచు తడిమి. "గాలిలో తిరిగేదిగా చెయ్యాల. అంచులు చంపు, పలచగా చెక్కు. కత్తి మాదిరి కాదు, చేప రెక్క మాదిరి. తిప్పే ముందు తాడును పదిసార్లు మెలిపెట్టు."

గుండనకు చప్పున గుర్తొచ్చింది. తుమ్మెద రాతికి కింది అంచులు చంపుతారు. సున్నం పట్టడానికని చెప్పుకుంటారు. ఆ సంగతి తలుచుకుని నవ్వడానికి కూడా వేళ లేదు. ఉలితో నాలుగు అంచులూ జారవిడిచాడు. తాడు మెలిపెట్టాడు. చెయ్యెత్తి తిప్పాడు.

మొదట చిన్న వణుకు తాడులో నుంచి మణికట్టులోకి దిగింది. ఆ తరవాత పలికింది. ఎక్కడో దూరాన ఉన్న పూలతోటలోకి ఒకే ఒక పెద్ద తుమ్మెద దూరినట్టు, మందంగా, లోతుగా, ఆగకుండా. ఆ చప్పుడు మంచు మీద వాలింది. మంచు దాన్ని మింగలేదు. గుండన చెయ్యి తిరిగేకొద్దీ అది లావెక్కి, సరస్సంతా కప్పి, ఆవలి బురుజుల దాకా పోయింది.

"ఆపొద్దు," అంది నీలవ్వ. "ఒక్కసారి ఆపితే ఆ పిల్లోడు దిక్కు తప్పుతాడు."

గుండన ఆపలేదు. రెట్ట మండింది, ఆ తరవాత మొద్దుబారింది. చెయ్యి మార్చాడు. కొండ మీద పొద్దు సగమైంది, పావైంది. నీలవ్వ అతడి పక్కన నిలబడి, పైకి లేవని తన చేతిని అతడి మోచేతి కింద ఆనించింది. బరువు మోసేంత బలం ఆ చేతిలో లేదు. అయినా అతడికి బరువు తగ్గింది.

పొద్దు గోరంత మిగిలినప్పుడు మంచులో ఒక నీడ కదిలింది. మోకాలి లోతు నీళ్ళలో తూలుతూ, ఒక చెవి ఇటు వంచి, యువరాజు వజ్రకేతుడు నడిచి వచ్చాడు. ఒడ్డు ఎక్కి గుండన కాళ్ళ దగ్గరే కూలిపోయాడు.

"నీ గొంతు వినపడలేదు మామా," అన్నాడు ఎగపోస్తూ. "తుమ్మెద ఒకటి వినపడింది. పువ్వే లేని చోట తుమ్మెదేమిటని దాని వెంట వచ్చాను."

గుండన యువరాజు భుజం పట్టుకుని లేపి, ఎడమచెయ్యి చూసి ఆగిపోయాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు ఆకుపచ్చగా, సన్నగా సాగి, కొసలు రెల్లు ఆకుల్లా చీలి ఉన్నాయి.

నీలవ్వ ఆ చేతిని తన ఒడిలోకి తీసుకుని తిప్పి చూసింది. "గోరంత ఆలస్యమయింది. అమావాస్యలోగా కోటలో మంచు పుట్టే కుండను పగలగొడితే విడుస్తాది. లేకుంటే పైకి పాకుతాది."

"ఎనిమిది రోజులున్నాయి," అన్నాడు యువరాజు. నవ్వబోయాడు. "కుడిచెయ్యి బాగానే ఉంది మామా. కత్తి పట్టడానికి ఒకటి చాలు."

నీలవ్వ వాళ్ళకు వేడి గంజి పోసింది, ఎండుచేప కాల్చి పెట్టింది. యువరాజు తింటూ తింటూనే గోడకు చేరగిలబడి నిద్రపోయాడు. ఆమె తన దుప్పటి తెచ్చి అతడికి కప్పింది. రెల్లు వేళ్ళను నలగకుండా పైకి తీసి పెట్టింది. బయట ఇంకా సందె వెలుగు ఉంది.

అప్పుడు వినపడింది.

కోట వైపు నుంచి, మంచు కింద నుంచి, మరో తుమ్మెద. సన్నగా మూడుసార్లు పలికి ఆగింది. మళ్ళీ మూడుసార్లు. నీలవ్వ చేతిలోని గంజిచట్టి కదలకుండా నిలిచిపోయింది.

"ఎవరవ్వా?" అన్నాడు గుండన గొంతు తగ్గించి. "ఏమంటున్నారు?"

"వినపడింది, రాలేను అని." ఆమె మాట చాలా నెమ్మదిగా వచ్చింది. "బతికుండి, రాలేని చోట ఉన్నోళ్ళు అట్ల తిప్పుతారు. ఎవరింటి వరస వాళ్ళది. నిలిపి నిలిపి మూడుసార్లు తిప్పేది ఒక్క ఇల్లే."

"ఏ ఇల్లు?"

"ఈ ఇల్లే."

గుండన మూలకేసి చూశాడు. ముక్కలు చేసిన తెడ్డు అక్కడ పడి ఉంది.

"ముప్పై ఒక్క ఏండ్లు," అంది నీలవ్వ. "రెల్లులో ఏదో ఒక దుబ్బు ఆయనదే అనుకుంటూ మాట్లాడినాను. ఆయన కోటలో ఉండాడు. ఇన్నేండ్లూ నా చెయ్యి ఆడిదాకా అందలేదు. రాళ్ళు కొట్టే నీ చెయ్యి అందింది."

గుండన కొత్త తుమ్మెదను చేతిలోకి తీసుకున్నాడు. "జవాబు చెప్పనా అవ్వా?"

"వద్దు. పిలిచినోళ్ళు ఊరకుంటే విన్నట్టే. ఆయనకు తెలుసు."

ఇద్దరూ ఊరకున్నారు. అవతలి తుమ్మెద ఇంకొకసారి పలికింది, ఇంకొకసారి. ఆ తరవాత, విన్నారని తెలిసినట్టు, ఆగింది. సరస్సు మీద చీకటి దిగుతోంది. కొండ వాలున గుర్రపురౌతుల దివిటీలు నాలుగైదు వెలిగి, ఒడ్డు వెంట వెతుక్కుంటూ మెల్లగా ఇటువైపు తిరిగాయి.

"తెల్లారి నువ్వు పొయ్యేది ఆ కోటకే గదా?" అంది నీలవ్వ.

"అవునవ్వా."

"అయితే పడుకో."

ఆమె దీపం ఆర్పింది. గుమ్మంలో కాసేపు నిలబడింది. ఆ తరవాత, నిద్రపోతున్న పిల్లవాడు లేవకుండా, తలుపును రెండు చేతులా పట్టుకుని మెల్లగా దగ్గరకు చేర్చి గడియ పెట్టింది.